ఆదోని అడుగులు

ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల చేత లెఫ్ట్ రైట్ కొట్టించినదాన్ని నేను. అలాంటి నాకు నడక నేర్పుతానని ఒకడు ఇంటికొచ్చాడు. వాడెవడో కాదు, ఎనిమిదో తరగతిలో నేను కవాతులోంచి బయటికి పంపేసిన త్రినాథ్.

వాడివి చదును పాదాలు. వందమంది ఎడమకాలు వేస్తే వాడిది కుడికాలు పడేది. వాడొక్కడి వల్ల వరస మొత్తం వంకరపోయేది. ఆగస్టు పదిహేనుకి కలెక్టరు వస్తున్నాడని, ఆ పొద్దున్నే వాణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి లాగి, పిల్లలు విప్పిన చెప్పుల కుప్పకి కాపలా కూర్చోబెట్టాను. వాడి చోట్లో ఏడో తరగతి పిల్లాణ్ణొకణ్ణి నిలబెట్టాను. కలెక్టరు మెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఆ సంగతి నేను మరిచిపోయాను.

"బాగున్నారా మేడమ్?" అంటూ గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. చేతిలో ఇంకో జత ఉంది.

"చెప్పుల కాపలా నుంచి చెప్పుల వ్యాపారంలోకి దిగావేంట్రా?" అన్నాను మంచం మీంచే.

"వ్యాపారం కాదు మేడమ్, ప్రయోగం," అన్నాడు నవ్వుతూ. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న పరిశోధనశాలలో పనిచేస్తున్నాడట. మనిషి నడక మీదే డాక్టరేటు చేశాడట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

నా సంగతి చెప్పాలి. నా పేరు దమయంతి. విజయనగరంలో మూడు హైస్కూళ్లలో డ్రిల్లు టీచరుగా చేశాను. పిల్లలు వెనక 'విజిలు మేడమ్' అనేవాళ్లు. ఎడమ రొమ్ము తీసేసి నాలుగేళ్లయింది. పోయిందనుకున్న రోగం పోలేదు, వెన్నులోకీ తుంటి ఎముకలోకీ చేరింది. నయమయ్యేది కాదు, అదుపులో పెట్టుకుంటూ ఉండడమే అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. రోజూ కాస్త నడిస్తే మందు బాగా పడుతుంది, నీరసం తగ్గుతుంది అని కూడా చెప్పింది. మా ఇంట్లో మొదటి మాట విన్నారు గానీ రెండో మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

మా ఆయన జోగారావు గూడ్సు బండి గార్డు. డ్యూటీకెళ్తే రెండు రోజులకో మూడు రోజులకో వస్తాడు. వెళ్లే ముందు ఫ్లాస్కు, మందులు, బ్రెడ్డు, ఫోను, చివరికి దువ్వెన కూడా మంచం పక్కన పేర్చి, "ఏటీ సెయ్యకు. కాలు కిందెట్టకు. నానొచ్చీ దాకా అలాగే పడుకో," అని బతిమాలి వెళ్లేవాడు. చూడ్డానికి వచ్చేవాళ్లు యాపిల్ పళ్లు తెచ్చి, ముందు నా ఛాతీ వైపు, తర్వాత గోడ గడియారం వైపు చూసి వెళ్లిపోయేవాళ్లు. అందరూ మంచివాళ్లే. నాతో కలిసి ఒక్క పని చేసేవాళ్లు మాత్రం లేరు. ఆ రోజుల్లో నన్ను తిన్నది చావు భయం కాదు, ఒంటరితనం. చావు ఎప్పుడో వస్తుంది. ఇది పొద్దున్నే కాఫీ కంటే ముందు వచ్చి కూర్చునేది.

త్రినాథ్ ఆ చెప్పులు నా కాళ్లకి తొడిగాడు. చూడ్డానికి మామూలు నల్ల చెప్పులే. అరికాలి కింద మెత్తటి పొరలో సన్నని గాలిబుడగలు వందల్లో ఉన్నాయట. మోకాలి కింద ఒక పట్టీ కట్టాడు. ఎముక మీద మోయలేని బరువు పడితే అది జుయ్యిమంటుంది, వెంటనే ఆగిపోవాలి.

"ఇప్పుడు నిలబడండి మేడమ్. అడుగు వెయ్యకండి. ఊరికే నిలబడండి."

గోడ పట్టుకుని నిలబడ్డాను. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత కుడి అరికాలి కింద, మడమ దగ్గర, ఎవరో లోపలి నుంచి మెత్తగా తట్టినట్టు అనిపించింది. టక్. మళ్లీ టక్. ఆ వెంటనే ఎడమ పాదం కింద మడమ నుంచి వేళ్ల దాకా ఒక ఒత్తిడి అలా పాకుతూ పోయింది. నేను ఉలిక్కిపడి మంచం మీద కూలబడ్డాను.

"ఆదోనిలో ఒకావిడ అడుగేసింది మేడమ్," అన్నాడు త్రినాథ్. "అవతల ఆవిడ కాళ్లకీ ఇవే చెప్పులు. ఆవిడ అడుగు మీకు తెలుస్తుంది, మీ అడుగు ఆవిడకి తెలుస్తుంది. జబ్బు కూడా ఒకటే, ఒకే దశ. ఎవరికి వాళ్లు నడవమంటే వారం తిరక్కుండా మానేస్తున్నారు. తోడుంటే మానలేరని మా ఆశ."

"ఫోను నంబరియ్యి, మాట్లాడతాను."

"అదొక్కటే కుదరదు. మొదటి విడతలో ఇచ్చాం. నడక మానేసి ఒకళ్లకొకళ్లు రిపోర్టులు చదివి వినిపించుకున్నారు." ఫోనులో ఏదో నొక్కి నా చేతికిచ్చాడు. "ఆవిడ మీకోసం ఒక నిమిషం మాట్లాడి పంపింది. మీరూ ఒక నిమిషం మాట్లాడి పంపొచ్చు. అంతే, ఇంక మాటల్లేవు."

ఆ గొంతు బొంగురుగా, నిదానంగా ఉంది. "నా పేరు హుసేనమ్మ. మాది ఆదోని. పత్తి మిల్లులో ఇరవై రెండేండ్లు చేసినా. డాక్టరేమో నడువు అంటాడు, మావోల్లేమో పండుకో అంటారు. నువ్వెవరో నాకు తెల్దు గానీ యమ్మా, నడిచేకి తోడుంటే సాలు నాకు. రెండుసార్లు మడమతో తడితే నేను వచ్చినానని. మూడుసార్లు తడితే ఈ పొద్దుకు సాలని. నువ్వు ఎనకబడితే నేను నిలబడతా. నేను ఎనకబడితే నువ్వు నిలబడల్ల. అంతే, ఇంగేమీ అనుకోగాకు."

త్రినాథ్ ఏవో కాగితాలు ముందు పెట్టాడు. పద్దెనిమిది పేజీలు. హాజరు పట్టీ మీద పెట్టినట్టు అన్నిటి మీదా గబగబా సంతకాలు పెట్టేశాను. చదవమన్నాడు గానీ నా ధ్యాసంతా అరికాళ్ల మీదే ఉంది.

మర్నాటి నుంచి పొద్దున్న ఆరున్నరకి డాబా మీద మా నడక. కుడి పక్కన పిట్టగోడ పట్టుకుని నేను నడిచేదాన్ని, ఎడమ పక్కన ఒక మనిషి పట్టే చోటు వదిలేదాన్ని. అక్కడ హుసేనమ్మ ఉందనుకునేదాన్ని. మొదటి రోజు ముప్పై అడుగులు. నెల తిరిగేసరికి ఐదు వందలు. మూడో నెలకి, మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను వంటింట్లో నిలబడి ఉప్మా కలుపుతున్నాను.

"ఓలమ్మో, నువ్వెందుకు లేసావే!" అని సంచీ అక్కడే పడేసి గరిటె లాక్కోబోయాడు.

"హుసేనమ్మ లేపింది," అన్నాను.

"ఎవులా హుసేనమ్మ?"

కాళ్ల వైపు చూపించాను. ఆయన నన్నూ చెప్పుల్నీ మార్చి మార్చి చూసి, ఏమనుకున్నాడో, ఉప్మా పెట్టించుకుని తిన్నాడు.

ముఖం చూడని మనిషిని అరికాళ్లతో ఎంత తెలుసుకోవచ్చో నాకప్పుడే తెలిసింది. ఆవిడది పొడుగు అంగ. మగవాళ్లలా మడమ దించి నడిచేది. నలభై అడుగులకొకసారి తిరిగేది, తిరిగిన ప్రతిసారీ అరక్షణం ఆగేది. ఎవరినో పలకరిస్తుందనుకునేదాన్ని. శుక్రవారాలు హుషారుగా ఉండేది. నేను బద్ధకిస్తే గబగబా రెండుసార్లు తట్టి తొందరపెట్టేది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు, విజిలు మేడమ్‌కి విజిలు వేసే మనిషి ఆదోనిలో దొరికింది. పట్టీ జుయ్యిమని నేను ఆగిపోయిన రోజు అవతల ఆ అడుగులు కూడా ఆగిపోయేవి. ఆవిడ అక్కడ ఎండలో నిలబడి నాకోసం ఎదురుచూస్తోందంటే నాకు కళ్లనీళ్లు తిరిగేవి.

దసరా దాటాక ఆవిడ ఎడమకాలు మారింది. మడమ దిగడం మానేసింది, పాదం పక్కలు ఈడ్చుకుపోతోంది. వేలమంది పిల్లల కాళ్లు చూసినదాన్ని, నాకు చెప్పాల్సిన పనిలేదు. ఆ తుంటిలో ఏదో జరుగుతోంది. ఆవిడ వెనకబడ్డ ప్రతిసారీ నేను నా డాబా మీద మార్క్ టైమ్ చేశాను. అంటే ముందుకెళ్లకుండా నిలబడ్డ చోటే అడుగులెయ్యడం. అవతల ఆవిడకి నేనింకా ఉన్నానని తెలియాలి కదా. కొన్నాళ్లకి వంద అడుగులకే మూడుసార్లు తట్టేసేది. నేను మూడుసార్లు తట్టేదాన్ని. ఆ జవాబు అందాకే ఆవిడ చెప్పులు విప్పేది.

జనవరిలో మా పాత స్కూలువాళ్లు ఆటల పోటీలకి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. తెల్లచీర, తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో విజిలు. పొద్దున్నే కారు పంపారు. నల్ల చెప్పులు మంచం కింద వదిలేసి వెళ్లాను. ఒక్క రోజే కదా అనుకున్నాను. ఆ పూట నేను రోగిని కాదు, మేడమ్‌ని. పిల్లలు సెల్యూటు కొడుతుంటే అంత సంతోషం మళ్లీ ఈ జన్మలో ఉండదనిపించింది.

మర్నాడు డాబా ఎక్కి రెండుసార్లు తట్టాను. జవాబు లేదు. ఫోనులో చిన్న అక్షరాలు కనిపించాయి, 'మీ తోడు విశ్రాంతిలో ఉన్నారు' అని. పదకొండు రోజులు అదే మాట. ఆ పదకొండు రోజులూ నేను నడవలేదు. చెప్పులు వేసుకుని పిట్టగోడ పట్టుకుని నిలబడి, కాసేపు చూసి, దిగొచ్చేసేదాన్ని.

పన్నెండో రోజు అరికాలి కింద టక్, టక్.

ఎంత గట్టిగా అరిచానో, కింద మా ఆయన చేతిలో కాఫీ ఒలికిపోయింది. వచ్చింది! అదే పొడుగు అంగ, అదే మడమ. పైగా ఎడమకాలు బాగైపోయింది. ఈడ్చడం లేదు, తడబాటు లేదు. కొత్త మందేదో పడి ఉంటుందనుకున్నాను. ఆ రోజు మూడు వందల అడుగులు నడిచింది. వారానికి ఎనిమిది వందలు.

మొదట్లో సంతోషించాను. అబద్ధమెందుకు, తర్వాత కుళ్లుకున్నాను. నాకా, రోజురోజుకీ తుంటిలో పోటు ఎక్కువవుతోంది. ఆవిడకి ఒక్క రోజు కూడా ఒంట్లో బాగుండకపోవడం లేదు. నేను ఆగితే ఆవిడ ఆగుతుంది గానీ మునుపటిలా కాదు. సరిగ్గా ఐదు లెక్కపెట్టేసరికి మళ్లీ అడుగు మొదలయ్యేది. నన్ను వదిలి వెళ్లిపోతోంది, కోలుకుంటోంది, ఇక నాతో పనిలేదు అనిపించింది. ఆదోని ఆవిడ బతికిపోతుంది, నేను మిగిలిపోతాను. అంతకుముందు ఒంటరితనం వేరు, తోడు ఉండి వెనకబడ్డ ఒంటరితనం వేరు. ఇది ఎక్కువ నొప్పి.

డ్రిల్లు టీచరు ఎలాంటి తప్పు చేస్తుందో అలాంటి తప్పే చేశాను. ముందువాడి అడుగు అందుకోవడమే గానీ నాకు నొప్పిగా ఉందని వరస ఆపే అలవాటు నాకు లేదు. ఎవరినీ ఆపనివ్వలేదు కూడా. పట్టీ ఊరికే జుయ్యిమంటోందని విప్పి పిట్టగోడ మీద పెట్టేశాను.

"ఆ పట్టీ ఎందుకిప్పేసావు? డాకటరమ్మ ఏటి సెప్పింది?" మా ఆయన మెట్ల మీద నిలబడి అడిగాడు.

"నీ బండి వెళ్లాక చెప్పు కబుర్లు," అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. అనలేక కాదు, నేను నడుస్తుంటే చూడ్డం ఆయనకి అలవాటై, ఇష్టమైపోయింది.

పట్టీ విప్పిన తొమ్మిదో రోజున, తొమ్మిది వందల ఇరవయ్యో అడుగు దగ్గర నా తుంటి కింద ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. నొప్పి తర్వాత వచ్చింది. ముందు చప్పుడు వినిపించింది. కిందపడి ఆకాశం చూస్తూ ఉన్నాను. అరికాలి కింద ఆదోని అడుగులు ఐదు లెక్కపెట్టేంతసేపు ఆగాయి. తర్వాత నన్ను దాటుకుని వెళ్లిపోయాయి.

విశాఖపట్నంలో ఆసుపత్రి. తొడ ఎముకలో కడ్డీ వేశారు. నాలుగో రోజు సాయంత్రం త్రినాథ్ వచ్చాడు. గడ్డం పెరిగి, చొక్కా నలిగి ఉన్నాడు. మంచం చివర నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీ తప్పేం లేదురా, పట్టీ నేనే విప్పాను," అన్నాను. "ఒక్క సాయం చెయ్యి. హుసేనమ్మకి కబురు పెట్టు. నేను రెండు మూడు నెలలు రాలేనని, నాకోసం ఆగమని."

వాడు తల దించుకున్నాడు. కిటికీ అద్దం పగలగొట్టిన పిల్లాడి ముఖం ముప్పై ఒక్క ఏళ్లు చూశాను నేను.

"ఏం జరిగింది?"

"హుసేనమ్మ గారు లేరు మేడమ్."

"ఎప్పుడు?"

"జనవరిలో. మీ స్కూలు పోటీలు అయిన మూడో రోజున."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఆ తర్వాత ఎన్ని వారాలు, ఎన్ని వేల అడుగులు. "మరి నాతో నడిచిందెవర్రా?"

చెప్పాడు. నిలబడే చెప్పాడు. అంతకుముందు తోడు పోయిన ఏడుగురు ఆడవాళ్లలో ఒక్కరు కూడా మళ్లీ నడవలేదట. ఇద్దరు మంచం దిగనేలేదట. అందుకని తోడు పోయినా అడుగులు పోకుండా ఏర్పాటు చేశారు. ఏడాది పాటు ఆవిడ వేసిన అడుగులన్నీ నేర్చుకున్న యంత్రం ఆవిడలాగే నా అరికాళ్ల కింద నడిచింది. హుసేనమ్మని ముందే అడిగారు. 'నేను పోయినా ఆయమ్మను ఆపగాకండి' అని వేలిముద్ర వేసింది. నన్నూ అడిగారు. పద్నాలుగో పేజీలో ఉందట, నేను చదవకుండా సంతకం పెట్టిన పేజీ.

"మా ప్రయోగంలో అందరికంటే ఎక్కువ నడిచింది మీరే మేడమ్," అన్నాడు. "అడుగుల లెక్క గ్రాఫులో మీ గీత అన్నిటికంటే పైన ఉంది. పోయిన వారమే మా డైరెక్టరు దాన్ని అందరికీ చూపించారు."

"గురువుకే పంగనామం పెట్టావు కదరా," అన్నాను. నవ్వుదామనుకున్నాను, ఏడుపొచ్చింది. "పెడితే పెట్టావు. దాని ఎడమకాలు ఎందుకు బాగుచేశావు? ఈడ్చుకుంటూ నడిచేది కదా. అలాగే నడిపించి ఉంటే నేనూ మెల్లగా నడిచేదాన్ని. ఈ ఎముక విరిగేది కాదు."



"ఆ కుంటి అడుగులు యంత్రానికిచ్చే ముందు నేనే తీసేశాను మేడమ్. వాటివల్ల వరస పాడైపోతోంది. మంచి అడుగులు మాత్రమే ఉంచితే నడక నిలకడగా వచ్చింది. అప్పుడు బాగుందనిపించింది."

నాకు ఆగస్టు పదిహేను గుర్తొచ్చింది. మైదానం, కలెక్టరు, చెప్పుల కుప్ప దగ్గర మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చున్న పిల్లాడు. వాడు ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు. వరస చెడగొట్టే అడుగుని తీసి పక్కన పడెయ్యాలని వాడికి నేర్పింది నేనే.

"ఇలా రా," అన్నాను. దగ్గరికొచ్చాడు. "డ్రిల్లు పుస్తకంలో ఒక రూలుంది. మూడు వరసల్లో నడిపేటప్పుడు పిల్లలు సరిపోకపోతే, తక్కువైన చోటు అలాగే ఖాళీగా వదిలి నడిపించాలి. బ్లాంక్ ఫైల్ అంటాం. అక్కడ బొమ్మని పెట్టకూడదు. పక్కవాళ్లు జరిగి ఆ చోటు నింపకూడదు. ఆ రోజు నీ చోటు ఖాళీగా వదలాల్సింది. అసలు నిన్ను తియ్యనే కూడదు. నువ్వు వంకరగా నడిచి ఉంటే కలెక్టరు కళ్లేం పోయేవి కావు. తప్పు నాదిరా."

వాడు మంచం అంచున కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాడి తల మీద చెయ్యి వేద్దామనుకున్నాను గానీ సెలైను గొట్టం అందనివ్వలేదు.

నాలుగు నెలల తర్వాత నాలుగు కాళ్ల వాకరు పట్టుకుని వాడి ప్రయోగశాలకి వెళ్లాను. మా ఆయన సెలవు పెట్టి వచ్చాడు, బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల పెద్ద ఆర్భాటమేమీ లేదు. పొడుగు గది, బల్లల మీద చెప్పుల జతలు, ఒక్కో జతకీ ఒక పేరు చీటీ. కొన్ని చీటీల మీద గీత కొట్టి ఉంది.

"కొత్త తోడుని ఇస్తాం మేడమ్. లేదంటే హుసేనమ్మ గారి అడుగులే మెల్లగా చేసి ఇస్తాం. మీరెలా అంటే అలా."

"తీసేసిన అడుగులు ఉన్నాయా, పారేశావా?"

"ఉన్నాయి. ఏదీ పారెయ్యం."

"చివరి రోజువి పెట్టు. ఒక్కసారి."

వాడు వద్దన్నట్టు చూశాడు. నేను మేడమ్‌ని. పెట్టాడు.

వాకరు పట్టుకుని నిలబడ్డాను. కుడి అరికాలి కింద టక్, టక్. వచ్చినానని. ఎంత నీరసంగా ఉందంటే, తెలియకపోతే చెప్పు కదిలిందనుకుంటాం. తర్వాత ఒక అడుగు. ఎడమకాలు ఈడ్పు. ఒక అడుగు. ఈడ్పు. ఇదీ నా హుసేనమ్మ. ఈవిణ్ణి నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఆరు అడుగులకి ఆగింది. రెండుసార్లు తట్టింది. మళ్లీ నాలుగు అడుగులు. మళ్లీ ఆగి రెండుసార్లు తట్టింది.

"ఎందుకురా మాటిమాటికీ ఆగుతోంది? నొప్పా?"

త్రినాథ్ తెర వైపు చూస్తూ చెప్పాడు. "అవతల మీ అడుగులు లేవు మేడమ్. మీరు వెనకబడ్డారనుకుని నిలబడుతున్నారు. ఇది మీ స్కూలు పోటీల రోజు."

నువ్వు ఎనకబడితే నేను నిలబడతా. ఆ మాట చెప్పినట్టే నిలబడింది. నేను తెల్లబూట్లు వేసుకుని సెల్యూట్లు తీసుకుంటున్న పూట, ఆ పాదాలతో, ఆ ఎముకలతో, ఆదోనిలో ఎక్కడో నాకోసం నిలబడింది. మొత్తం ఇరవై మూడు అడుగులు. చివర మూడుసార్లు తట్టింది. ఈ పొద్దుకు సాలని. తర్వాత అరికాలి కింద ఆవిడ నిలబడ్డ బరువు అలాగే ఉండిపోయింది. కదలదు. చెప్పులు విప్పదు. జవాబు కోసం చూస్తోంది.

"ఎంతసేపు?" అన్నాను.

"పదకొండు నిమిషాలు."

పదకొండు నిమిషాలూ నేనూ నిలబడ్డాను. త్రినాథ్ కుర్చీ తెస్తే వద్దన్నాను. కొత్త కడ్డీ పోట్లు పొడుస్తోంది. పట్టీ జుయ్యిమంది, నిలబడే ఉన్నాను. ఆ బరువు మెల్లగా ఎడమ నుంచి కుడికి మారింది, కుడి నుంచి ఎడమకి మారింది. చివరికి పాదాలు లేవబోతున్నాయని మడమలు తేలికవడం వల్ల తెలిసింది. అప్పుడు మూడుసార్లు తట్టాను. ఐదు నెలలు ఆలస్యంగా.

అరికాలి కింద ఖాళీ అయిపోయింది.

త్రినాథ్‌కి రెండు మాటలు చెప్పాను. నాకు కొత్త తోడుని ఇస్తే ఇవ్వు, పోయిన రోజున పోయిందని చెప్పు, విశ్రాంతి అనకు. నేను పోయాక నా అడుగులు ఎవరికీ ఇవ్వకు. ఒకవేళ ఎవరైనా కావాలని అడిగితే, కుంటినవి కూడా కలిపే ఇవ్వు. ఒక్కటి తీసేసినా నీ చెవి మెలేస్తాను. వాడు తల ఊపాడు, కాగితం మీద రాసుకున్నాడు. ఈసారి పేజీలన్నీ చదివి సంతకం పెట్టాను.

"హుసేనమ్మ గారిలా నడిచే యంత్రాన్ని ఆపెయ్యమంటారా?"

"ఆపెయ్యి."

బయటికొచ్చేసరికి సముద్రం మీంచి గాలి వీస్తోంది. ఆ నల్ల చెప్పులే కాళ్లకున్నాయి, లోపల చప్పుడు లేదు. పొడుగు వరండాలో నలభై అడుగులుంటాయి. ఇన్నాళ్లలో ఆ చెప్పులతో నేనొక్కదాన్నీ నడవడం అదే మొదలు. మా ఆయన బెంచీ మీంచి గబుక్కున లేచి, ఎడమ పక్కకొచ్చి మోచెయ్యి పట్టుకోబోయాడు.

"అటు కాదయ్యా, ఇటు రా," అన్నాను.

"ఏటి, అటేటైంది?"

"అక్కడ ఒకావిడుంది."

ఆయన ఆ ఖాళీ వైపు ఒకసారి చూశాడు. ఆయన ఉద్యోగమంతా బండికి వెనకే, అన్ని పెట్టెలూ వచ్చాయో లేదో చూసుకునే పని. నా వెనక నుంచి చుట్టూ తిరిగి కుడి పక్కకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

వాకరు ముందుకి తోశాను. రెండుసార్లు మడమతో నేల తట్టి, మొదటి అడుగు వేశాను. నలభై అడుగులకి వరండా మలుపు వచ్చింది. తిరిగి, అరక్షణం ఆగాను.